నీలం ఎటువైపు

పదకొండు నలభైకి శివలీల కల్లూరులోని షెడ్డు ముందు షేర్ ఆటో దిగింది. అప్పటికే అక్కడ మూడు బండ్లు ఉన్నాయి. ఒకటి సీఐ వీరేంద్ర జీపు. రెండోది కడప నుంచి వచ్చిన కారు. మూడోది ట్రాలీ ఆటో. దాని మీద కొత్త చెక్కపెట్టె ఒకటి మూత తీసి ఉంది.

పెట్టె దగ్గర ఆమె ఆగింది. బ్యాగులోంచి టేపు తీసి లోపలి కొలత తీసుకుంది. పొడవు ఆరడుగుల మూడంగుళాలు, వెడల్పు నాలుగడుగుల మూడంగుళాలు. నాలుగు వైపులా ఒకటిన్నర అంగుళాల స్పాంజి అంటించి ఉంది. స్పాంజి పోను ఆరడుగులు, నాలుగడుగులు మిగులుతుంది.

"ఏం కొలుస్తాండావమ్మా, శవపెట్టె అనుకుంటివా?" అన్నాడు ట్రాలీ డ్రైవరు.

"శవం పోయి తొమ్మిది దినాలయింది లేప్పా. ఇది యాడ చేసినారు?"

"కడపలో. పొద్దున ఆరుకు ఎక్కించినారు, తెచ్చినా. బొమ్మ ఎక్కిస్తే పోతా. ఒంటిగంటకల్లా బయలుదేరాలంట."

శివలీల గడియారం చూసుకుని లోపలికి నడిచింది.

ఏప్రిల్ పదకొండున ఈ షెడ్డులో ఓబులేసు అనే చిత్రకారుడు చనిపోయాడు. వయసు అరవై ఒకటి. మాధవరం నేతగాళ్ల ఇంట పుట్టాడు. మగ్గం వదిలి పన్నెండేళ్లు బోరు బండి మీద పనిచేశాడు. కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ ఆ బండికే ఇచ్చి, ఆ తర్వాత ఎడమచేత్తో బొమ్మలు మొదలుపెట్టాడు. ఆయన బొమ్మల్లో మనిషి ఉండడు, చెట్టు ఉండదు. రంగులే ఉంటాయి. తాపీమేస్త్రి సిమెంటు పూసినట్టు తాపీతో మందంగా పూసిన రంగులు. ఆ రోజు నిచ్చెన మీద నుంచి పడి, కిందున్న నాపరాయి అంచుకు తల తగిలి పోయాడు. నిచ్చెన దానంతటది జారలేదని, ఎవరో లాగారని పోలీసులే తేల్చారు.

నిన్న సాయంత్రం అయిదుకు ఆయన అన్న కూతురు లక్ష్మీప్రియను అరెస్టు చేశారు. ఈ రోజు నాలుగు గంటలకు మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు.

వీరేంద్ర లెక్క చిన్నది. రేకుల షెడ్డు, ఏప్రిల్ ఎండ. చావు ఎప్పుడో కచ్చితంగా చెప్పలేనని డాక్టరు చేతులెత్తేశాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరున్నర లోపల అని మాత్రం రాశాడు. అయితే ఆ రోజు అయిదూ నలభైకి ఓబులేసు ఫోను నుంచి, కడపలో ఉండి ఆయన బొమ్మలు అమ్మిపెట్టే సుధీర్‌కు ఒక మెయిల్ పోయింది. అందులో పూర్తయిన బొమ్మ ఫొటో ఉంది. అంటే అయిదూ నలభైకి మనిషి బతికే ఉన్నాడు. ఆరూ నలభైకి వాచ్‌మన్ నెహెమ్యా కిటికీలోంచి శవాన్ని చూశాడు. మధ్యలో వచ్చింది ఒక్కరే. లక్ష్మీప్రియ ఆరూ పదికి వచ్చి ఆరూ ఇరవై అయిదుకు వెళ్లింది. లోపలికి పోలేదని, పిలిస్తే పలకలేదని, పనిలో ఉంటే చిన్నాయన ఎప్పుడూ పలకడని, పావుగంట చూసి అన్నం క్యారియర్ గడప మీద పెట్టి వెళ్లిపోయానని ఆమె చెప్పింది. క్యారియర్ గడప మీదే దొరికింది. దాన్ని వీరేంద్ర లెక్కలోకి తీసుకోలేదు.

పోలీసు వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరైన శివలీలను పెట్టుకున్నది లక్ష్మీప్రియ తల్లి నాగలక్ష్మమ్మ. మరిది బొమ్మలకు గుడ్డ నేసి పంపేది ఆమే. "నా బిడ్డ ఆ కోర్టు మెట్లు ఎక్కకుండా చూడమ్మా," అంది. "ఒకసారి ఎక్కితే మా తట్టు ఆ పేరు దిగదు."

షెడ్డు లోపల గోడకు బొమ్మ వేలాడుతోంది. ఎత్తు ఆరడుగులు, వెడల్పు నాలుగు. పైనుంచి మూడు వంతులు మట్టి రంగు, ఎరుపు, నలుపు పొరలు పొరలుగా దిగాయి. అడుగున అడుగున్నర మేర నీలం. బొమ్మ ముందు ఒక కూలీ చేతిలో టర్పెంటైన్ సీసా, ఇంకో కూలీ చేతిలో గుడ్డ ఉన్నాయి.

"ఆ గుడ్డ కింద పెట్టప్పా," అంది శివలీల.

కూలీ గుడ్డ కింద పెట్టలేదు. ముందు వీరేంద్ర వైపు, తర్వాత పక్కన నిలబడిన మనిషి వైపు చూశాడు. నలభై ఏళ్లవాడు, తెల్లచొక్కా. సుధీర్ అతనే.

"దుమ్ము తుడుస్తాండారు మేడమ్," అన్నాడు సుధీర్. "పక్కన బండలు పాలిష్ పట్టే మిషన్ ఉండాది కదా. ఈ దుమ్ముతో ప్యాక్ చేస్తే కొన్నోళ్లు నన్ను తిడతారు."

"పంచనామా అయిపోయింది. బొమ్మ తీసకపోవచ్చని నేనే కాగితం ఇచ్చినా," అన్నాడు వీరేంద్ర. "మీరు రిటైరై రెండేండ్లయింది మేడమ్. వేలిముద్రల కాలం పోయింది. ఇంతకూ భూతద్దం తెచ్చుకున్నారా?"

"తెచ్చుకున్నా సార్. నాలుగుదాకా టైముంది కదా, నన్ను ఒంటిగంట వరకు ఉండనీయండి. ఆమీన మీ ఇష్టం."

"పన్నెండున్నర."

"సరే, పన్నెండున్నర."

వీరేంద్ర కూలీలకు చెయ్యి ఊపాడు. వాళ్లు సీసా మూతపెట్టి బయటి నీడకు పోయారు. శివలీల సుధీర్‌కు స్టూలు చూపించింది. అతను కూర్చోలేదు.

"ఈ షెడ్డుకు ఎన్నిసార్లు వచ్చినావు?"

"ఇదే మొదలు. సీఐ గారికి రాసిచ్చినా."

"మూడేండ్లుగా ఆయన బొమ్మలు అమ్ముతాండావు కదా."

"అమ్మాలంటే రావాల్నా? ఆయన ఫొటో పంపుతాడు, నేను సైటులో పెడతా. కొన్నోళ్లకు ఆయనే గుడ్డ చుట్టి కొరియర్ చేస్తాడు. నేను కడపలో కంప్యూటర్ ముందర కూచుంటా. నిజం చెప్పాలంటే ఇవి తెర మీదే బాగుంటాయి మేడమ్. రంగు పెంచొచ్చు, దుమ్ము తీసెయ్యొచ్చు. ఎదురుగా చూస్తే ఏముండాది, గోడకు సిమెంటు గిలాబు చేసినట్టు."

"పదకొండో తేదీ మధ్యాహ్నం యాడున్నావు?"

"బనగానపల్లెలో మా మామ మామిడితోట కాడ. రెండుకు బయల్దేరి అయిదుకు కడప చేరినా. అయిదున్నరకు మీటింగు, పన్నెండు మంది ఉండారు. అందరి ముందరే మెయిల్ వచ్చింది. అందరికీ చూపించినా."

"తోటలో నిన్ను చూసినోళ్లు?"

"మామిడికాయలు చూసినాయి."

వీరేంద్ర నవ్వాడు. శివలీల కూడా నవ్వింది. నవ్వుతూనే తర్వాతి ప్రశ్న అడిగింది.

"బయట పెట్టె ఉండాది. కొలత ఎవరిచ్చినారు?"

"ఓబులేసన్నే. మెయిల్లో రాసినాడు."

"సార్, ఆ మెయిల్ ఒకసారి తెరవండి."

వీరేంద్ర ట్యాబ్ తీశాడు. మెయిల్ తెరిచాడు. ఫొటో ఒక్కటే ఉంది. ఒక్క అక్షరం కూడా రాసి లేదు. అతను ట్యాబ్‌ను సుధీర్ వైపు తిప్పి చూపించాడు.

"అయితే ఫోన్లో చెప్పింటాడు," అన్నాడు సుధీర్.

"ఎప్పుడు? ఎనిమిదో తేదీన మీరిద్దరూ ఆరు నిమిషాలు మాట్లాడినారు. ఆమీన ఒక్క కాల్ కూడా లేదు. లిస్టు సీఐ సారు తెప్పించిందే. ఈ గుడ్డ మాధవరం నుంచి ఈడికి చేరింది తొమ్మిదిన. అంతకుముందు ఆయన వేసినవన్నీ మూడడుగులు, రెండడుగులు. ఇది ఆరు, నాలుగు. నీ ఫొటోలో పక్కన మనిషి లేడు, కుర్చీ లేదు, అంచుల వరకు కత్తిరించిన బొమ్మ. తెర మీద చూస్తే అరచెయ్యంత అనుకోవచ్చు, ఇంటంత అనుకోవచ్చు. నువ్వు సరిగ్గా దానికే సరిపోయే పెట్టె తెచ్చినావు."

"వాచ్‌మన్‌ను అడిగినా."

తలుపు దగ్గర నిలబడ్డ నెహెమ్యా తలెత్తాడు. "నన్నా? నాకు నీ నంబరే తెల్దు సామీ. నన్ను ఎవురూ ఏమీ అడగలే."

పక్క షెడ్డులో పాలిష్ మిషన్ మొదలైంది.

"చాల్లేండి," అన్నాడు వీరేంద్ర. "వడ్రంగి కొలత పట్టుకుని ఒక మనిషిని హంతకుడంటారా? ఈయన అయిదూ నలభైకి కడపలో ఉన్నాడు. ఓబులేసు అయిదూ నలభైకి ఈడ బతికే ఉన్నాడు. ఈ రెంటిలో ఒక్కటి తప్పని చూపించండి, నేనే ఆ పాపను ఇంటికాడ దించి వస్తా."

"రెండోది తప్పు సార్."

"ఎట్ల?"

"ఆ ఫొటోను చూసి బొమ్మను చూడండి."

వీరేంద్ర ట్యాబ్ వైపు, గోడ వైపు చూశాడు. ఇంకోసారి చూశాడు. ట్యాబ్‌లో నీలం పైన ఉంది, మట్టి కింద ఉంది. గోడ మీద మట్టి పైన, నీలం కింద.

"అయితే గోడకు తలకిందులుగా తగిలించినారు," అన్నాడు. "మా క్లూస్ టీమే తీసి చూసి మళ్లీ తగిలించిండొచ్చు. పైన ఆకాశం, కింద నేల. పసిపిల్లకైనా తెలుస్తుంది."

"నెహెమ్యా, ఇట్ల రా అప్పా. ఆ కొస పట్టుకో."

ఇద్దరూ కలిసి బొమ్మ అడుగుభాగాన్ని గోడ నుంచి జానెడు ముందుకు లాగారు. శివలీల టార్చి వేసింది. వెనక గుడ్డ మీద బొగ్గుతో రాసి ఉంది. నీలం కిందికి ఉన్నప్పుడే చదవడానికి వీలుగా ఉంది ఆ రాత. 'బోరు. 870 అడుగులు.'

వీరేంద్ర వంగి చదివాడు.

"ఆయన పన్నెండేండ్లు బోరు బండి మీద పనిచేసినాడు," అంది శివలీల. "అది ఆకాశం కాదు సార్. నీళ్లు. మట్టి, రాయి, మళ్లీ రాయి, ఎనిమిది వందల డెబ్బై అడుగుల కింద నీళ్లు. మన తట్టు నీలం పైన చూస్తే ఏమొస్తుంది? కింద నీళ్లు పడితే కదా బతుకు. మీది కర్నూలే, నాది ఆదోని. మనిద్దరికీ చెప్పాల్సిన మాట కాదు ఇది. నిన్న స్టేషన్లో లక్ష్మీప్రియను అడిగితే ఒక్క నిమిషం ఆలోచించలే. 'అది బోరు మేడమ్, నీలం కింద ఉండాల' అనింది. మరి ఓబులేసు తన బొమ్మను తనే తలకిందులు చేసి పంపుతాడా?"

"ఫోన్లో తిరిగిపోయిందేమో. తిరుగుతాయి ఒక్కోసారి."

"తిరుగుతాయి. అయితే ఇది తిప్పింది అలవాటు. సుధీర్ సైటు తెరవండి. నీలం ఉండే బొమ్మలు పది ఉండాయి. పదింటిలోనూ నీలం పైనే. కొనేవాళ్లకు ఆకాశం కావాల. ఏడో తేదీన లక్ష్మీప్రియ తన ల్యాప్‌టాప్‌లో చిన్నాయనకు ఆ సైటు చూపించింది. తన బొమ్మలు తెర మీద ఎట్ల ఉండాయో ఆయన చూడడం అదే మొదటిసారి. మరుసటి రోజు ఆరు నిమిషాల ఫోను. అన్నీ తీసెయ్ అన్నాడంట. ఇంక నీకు ఒక్కటి కూడా పంపను అన్నాడంట."

"ఆ పాప చెప్పింది," అన్నాడు సుధీర్. గొంతు పెంచలేదు. "జైలుకు పోయే మనిషి ఏమైనా చెప్తాది."

"నిజమే," అన్నాడు వీరేంద్ర. కానీ ఈసారి ఆ మాట సుధీర్ వైపు చూడకుండా అన్నాడు.

శివలీల గడియారం చూసింది. పన్నెండూ పది.

"నెహెమ్యా, ఆ రోజు ఈ టైముకు నువ్వు యాడున్నావు?"

"అన్నానికి పోయింటిమ్మా. పన్నెండుకు పోతే ఒకటిన్నరకు వస్తా. దినామూ అంతే. అందరికీ తెల్సు."

"ఆ పైన అద్దం రేకు ఉండాది కదా, దాని సంగతి చెప్పు."

నెహెమ్యా కప్పు వైపు చూపించాడు. రేకుల మధ్య ఒకచోట, గోడకు అడుగు దూరంలో, వెలుతురు కోసం వేసిన పారదర్శకమైన రేకు ఉంది. "పన్నెండు దాటితే ఎండ తిన్నగా దాంట్లోంచి దిగుతాది. గోడ పొడుగునా జారుతాది. అరగంట, నలభై నిమిషాలు. ఆ టైములో ఓబులేసన్న పని ఆపి బొమ్మ ముందర కూచుంటాండె. ఇప్పుడు చూడాలప్పా బొమ్మ, ఇప్పుడే నిజం చెప్తాది అంటాండె."

"సాయంత్రం?"

"సాయంత్రం ఎండ ఆ కిటికీలోంచి. పక్కనుంచి వస్తాది."

వాళ్లు నిలబడి చూశారు. రేకు అంచు దగ్గర గోడ మీద ఒక గీత మెరిసింది. గీత కిందికి పాకింది. పన్నెండూ పదమూడుకు బొమ్మ పైఅంచును తాకింది, పదహారుకు అడుగు వరకు దిగింది. అప్పటిదాకా చదునుగా కనిపించిన రంగు లేచింది. తాపీ గీసిన ప్రతి గట్టూ విడిగా కనిపించింది. ప్రతి గట్టు నెత్తి మీదా తెల్లటి బండల దుమ్ము, ప్రతి గట్టు కిందా వేలెడు నీడ.

"ఇప్పుడు ఫొటోలో నీడలు చూడండి సార్."

వీరేంద్ర ట్యాబ్ చూశాడు. వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు. "నీడలు గట్ల పైన పడినాయి."

"ట్యాబ్ తిప్పండి."

అతను ట్యాబ్ తలకిందులుగా తిప్పాడు. తెర మీది బొమ్మ కూడా గిర్రున తిరిగి మళ్లీ నీలం పైకి వచ్చి నిలబడింది. ఇంకోసారి తిప్పాడు. మళ్లీ అదే.

"ఇది మాట వినదు," అన్నాడు వీరేంద్ర.

బయట ఉన్న కానిస్టేబుల్‌ను పిలిస్తే అతను వచ్చి తెర తిరగకుండా ఏదో నొక్కి ఇచ్చాడు. అప్పుడు తిప్పితే నీలం కిందికి వచ్చింది. నీడలు గట్ల కిందికి వచ్చాయి. వీరేంద్ర ట్యాబ్‌ను గోడ పక్కన పెట్టి పట్టుకున్నాడు. తెర మీద నీడా గోడ మీద నీడా ఒకే చోట, ఒకే పొడుగున ఉన్నాయి.

చాలాసేపు పట్టుకునే ఉన్నాడు.

"సాయంత్రం అయితే నీడలు పక్కకు పడాల," అన్నాడు చివరికి, తనకు తానే చెప్పుకున్నట్టు. "ఈ ఫొటో మధ్యాహ్నం తీసింది."

"పన్నెండూ పది, పన్నెండు ముప్పావు మధ్యలో."

"మెయిల్ మాత్రం అయిదూ నలభైకి పోయింది."

"పోయిన టైము అది. పెట్టిన టైము కాదు. ఫలానా గంటకు పొమ్మని చెప్పి పెడితే మెయిల్ ఆ గంటకే పోతాది. మీ స్టేషన్ రైటరును అడగండి, చేసి చూపిస్తాడు. ఓబులేసు ఫోనుకు లాకు లేదు. వేళ్లకు రంగు అంటి తెరుచుకోవడం లేదని తీయించేసినాడు. పనయ్యాక ఫోను ఆయన పక్కనే పెట్టి పోవచ్చు. పన్నెండు నలభైకి ఈడ కారెక్కితే అయిదుకు కడపలో దిగొచ్చు. ఆ మధ్యాహ్నమంతా లక్ష్మీప్రియ తను పనిచేసే ల్యాబులో ఉండాది సార్. తొమ్మిది నుంచి అయిదున్నర దాకా. వేలు పెట్టే హాజరు మిషన్ ఉండాది. అది మీరు నమ్మే రకమే."

వీరేంద్ర జేబులోంచి ఫోను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"మధ్యాహ్నమే ఎవరో వచ్చినారు, ఒప్పుకుంటా," అన్నాడు. "కానీ ఎవరో అనేది మీరు చూపించలేదు. తిప్పే అలవాటు, పెట్టె కొలత... ఇవి పట్టుకుని కోర్టుకు పోతే లాయరు నన్ను ఉతికి ఆరేస్తాడు."

"అదే నేనూ అంటాండా," అన్నాడు సుధీర్. అతని చొక్కా వీపుకు అతుక్కుంది. "టైమయింది సార్. ఎండ తగిలితే రంగు మెత్తబడతాది. తుడిచి ఎక్కిస్తాం." గుమ్మం వైపు తిరిగి కూలీలను పిలిచాడు. "ముందు ఆ కింద నీలం తుడవండప్పా."

శివలీల అప్పటికి బొమ్మ ముందు గొంతుకూర్చుంది. భూతద్దం బ్యాగులోంచి తీసింది.

"ఎందుకు?" అంది వెనక్కి తిరక్కుండా. "దుమ్ము బొమ్మంతా ఉండాది. నీలమే ముందు ఎందుకు?"

సుధీర్ కూలీలకు ఆగమని చెయ్యి చూపించాడు.

"సుధీర్, ఈ బొమ్మను నీ సైటులో పెట్టినావు కదా. ఏం పేరు పెట్టినావు?"

"... మబ్బు."

"సార్, ఫొటోలో పైన, నీలంలో, తెల్లగా ఒక మచ్చ ఉండాది చూడండి. దానికి పెట్టిన పేరు. తెర మీద నేనూ మబ్బే అనుకున్నా. నిన్న రాత్రి రెండు గంటలు చూసినా. మబ్బు మాదిరే ఉంటాది." ఆమె పక్కకు జరిగింది. "ఇట్ల రండి. ఎండ పోతాది, తొందరగా."

వీరేంద్ర వచ్చి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేలకు రెండడుగుల ఎత్తున, నీలంలో ఒకచోట గట్లు లేవు. అణిగిపోయి, పక్కలకు ఒత్తుకుని, అడుగునున్న తెల్లరంగు బయటపడింది. పైనుంచి జారే ఎండలో ఆ పల్లం అంచులన్నీ నీడ కట్టాయి. నాలుగు వేళ్లు పైకి, బొటనవేలు ఎడమకు. కింద మణికట్టు మడత. చూపుడువేలి కొసన, ఎండిన రంగులో, సన్నటి వలయాలు.

"నిచ్చెన లాగినాడు. మనిషి ఈడ పడినాడు," అంది శివలీల, పక్కనున్న నాపరాయిని చూపించి. "ఊపిరి ఉందా లేదా అని వంగి చూసినాడు. వంగినప్పుడు ఆనుకోవడానికి చెయ్యి గోడకు వేసినాడు. గోడ అనుకున్నాడు, పచ్చి రంగు. ఇంతమందం రంగు పైన ఆరినా లోపల నెల పడుతుంది. పడిన ముద్ర అట్లే ఉండిపోయింది. మీ టీము బొమ్మను ఎదురుగా నిలబడి ఫొటో తీసింది, కంప్యూటర్లో చూసింది. వాళ్లకూ మబ్బే. మెయిల్లో పోయిన ఫొటోలోనూ ఈ మచ్చ ఉండాది, అంటే ఆ ఫొటో తీసింది మనిషి పడినాకే."

"ఓబులేసు చెయ్యే అయిండొచ్చు కదా." వీరేంద్ర గొంతు తగ్గింది.

"ఇది కుడిచెయ్యి సార్. లెక్కపెట్టండి. అయిదు వేళ్లూ ఉండాయి."

వీరేంద్ర లెక్కపెట్టాడు. ఓబులేసు శవం కుడిచేతిని పంచనామాలో రాయించింది అతనే.

శివలీల తన చేతిని ముద్రకు తాకకుండా ఎదురుగా పెట్టింది. ముద్ర ఆమె చేతికంటే అన్ని వైపులా అరంగుళం పెద్దది. లక్ష్మీప్రియ చెయ్యి ఆమె చెయ్యికంటే చిన్నది. ఆ సంగతి చెప్పాల్సిన పని లేదు.

ఎండ గీత బొమ్మ అంచు దాటి గోడ మీదికి జరగడం మొదలుపెట్టింది.

వీరేంద్ర లేచి నిలబడ్డాడు. ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకోలేదు. జేబులోంచి ఫోను తీసి స్టేషనుకు చేశాడు. "ఆ పాపను జీపు ఎక్కించొద్దు. నేను చెప్పేదాకా యాడికీ తీసకపోవద్దు," అన్నాడు. ఫోను పెట్టేసి కానిస్టేబుల్‌కు కళ్లతో సైగ చేశాడు. కానిస్టేబుల్ షెడ్డు తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడ్డాడు.

"సుధీర్," అన్నాడు వీరేంద్ర. "ఈ షెడ్డులో కాలు పెట్టడం ఇదే మొదటిసారి అని నాకు రాసిచ్చినావు. సంతకం కూడా ఉండాది."

"ఉండాది."

"ఒకసారి ఇట్ల రా. కుడిచెయ్యి చూపించు."

సుధీర్ ఒక అడుగు వేశాడు. ఆగాడు. గోడ మీది బొమ్మ వైపు చూశాడు. మూడేళ్లుగా ఓబులేసు బొమ్మలు అమ్మినవాడు మొదటిసారి ఒక బొమ్మను అంతసేపు చూశాడు.

అతని కుడిచెయ్యి మెల్లగా జేబులోకి పోయింది.